చింతపిక్క ఎందుకు దిగలేదు: అట్టబొమ్మ, మూడు ఆదివారాలు

మేనల్లుడికి పదో నెలలో ఆపరేషన్ చేసి కుడి వృషణాన్ని కిందికి దించారు. "అసలది పైకెందుకు పోయింది అన్నయ్యా?" అని అడిగింది చెల్లెలు. పైకి పోలేదమ్మా, కిందికి రాలేదు అన్నాను. అంతకుమించి చెప్పలేకపోయాను. ఆదివారాలు అట్టతో కదిలే బొమ్మలు చేసే పిచ్చి ఉంది కాబట్టి ఈసారి ఇదే పట్టుకున్నా.

మొదటి ఆదివారం: చెప్పుల డబ్బా మూత పొట్ట. చింతపిక్క వృషణం. దానికి కట్టిన దారం గుబర్నాక్యులమ్, అంటే వృషణాన్ని గజ్జతో కలిపే తాడులాంటి కణజాలం. 1762లో జాన్ హంటర్ పెట్టిన పేరది, లాటిన్‌లో చుక్కాని అని అర్థం. దారం లాగితే పిక్క సర్రున దిగింది. చూడముచ్చటగా ఉంది, కానీ తప్పు.

రాత్రి చదివితే తెలిసింది, వృషణం దిగేది రెండు దశల్లో, మొదటి దశలో లాగుడే లేదు. గర్భంలో సుమారు 8 నుంచి 15 వారాల మధ్య వృషణంలోని లీడిగ్ కణాలు ఐఎన్‌ఎస్‌ఎల్3 అనే హార్మోను వదులుతాయి. దాంతో గుబర్నాక్యులమ్ ఉబ్బి, పొట్టిగానే ఉండి, వృషణాన్ని గజ్జ దగ్గర పట్టి ఉంచుతుంది. పిండం ఒళ్లు సాగుతుంది, మూత్రపిండాలు పైకి పోతాయి, ఇది మాత్రం గుంజకు కట్టిన దూడలా అక్కడే. 1999లో ఈ హార్మోను తయారీకి కావలసిన జన్యువు తీసేసిన చిట్టెలుకల్లో వృషణాలు పొట్టలో పైనే ఉండిపోయాయి.

రెండో ఆదివారం: మూతను అడ్డంగా కోసి, పైముక్క జరిగేలా ఐస్‌క్రీం పుల్లల పట్టాలు అంటించాను. దారం బదులు గ్లవ్ చిటికెనవేలు, దానికి సెలైన్ గొట్టం, 10 మి.లీ. సిరంజి. 6 మి.లీ. గాలికి వేలు ఉబ్బి పిక్క నిలిచింది, 8కి గొట్టం ఊడింది. ఫెవిక్విక్ వద్దు, రబ్బరు బిరుసెక్కి చిరిగింది. దారం ఎనిమిది చుట్లు చుట్టి ముడేస్తే చాలు.

మూడో ఆదివారం: రెండో దశ, సుమారు 25 నుంచి 35 వారాలు. ఇక్కడ పెత్తనం టెస్టోస్టిరాన్‌ది. గుబర్నాక్యులమ్ గజ్జలోని ఇరుకుదారి దాటి ముష్కగోణిలోకి, అంటే వృషణాల సంచిలోకి సాగుతుంది, వెనకే వృషణం. దారికి స్పాంజి ముక్కలో 6 మి.మీ. కన్నం పెట్టాను. పిక్క ఇరుక్కుంది. ముందు ఉబ్బిన వేలిని దూర్చి, గాలి తీసి లాగితే పదింట ఏడుసార్లు దిగింది. దారిని వెడల్పు చేసేదీ ఆ ఉబ్బేనట! నా బొమ్మలో చెయ్యి లాగాలి, ఒంట్లో పొట్టలోపలి ఒత్తిడి కూడా నెడుతుంది. నెలలు నిండని మగపిల్లల్లో ఈ సమస్య ఎందుకు ఎక్కువో అప్పుడు బోధపడింది, రెండో దశ మధ్యలోనే పుట్టేస్తారు కదా. పుట్టాక మొదటి నెలల్లో చాలామందికి దానంతటదే దిగుతుంది, అందుకే డాక్టర్లు ఆరో నెల దాకా చూస్తారు.

మొదటి అట్టను పారేయబోయి ఆగాను. ఆడపిండంలో అండాశయాలు అప్పటికి ఈ హార్మోను చేయవు. గుబర్నాక్యులమ్ ఉబ్బక, ఒంటితోపాటు సన్నగా సాగి, చివరికి గర్భాశయపు బంధనాలుగా మిగులుతుంది. దారం తీసి లంగా ఎలాస్టిక్ పోగు కడితే అండాశయం బొమ్మ తయారు. వచ్చే ఆదివారం ఆ పని. పోగు రెండంగుళాలు చాలదు, నాలుగు కావాలి.