ఒక బీరువా, రెండు తాళాలు

కువైట్‌లో సెలవు శుక్రవారం కాబట్టి మా ఆరాధన కూడా శుక్రవారమే. కువైట్ సిటీలోని మాలియాలో బస్సు దిగిన తెలుగువాళ్లకు చర్చి కాంపౌండ్‌కు దారి చెప్పనక్కర్లేదు. ఒకే ఆవరణలో అరబ్బీ, మలయాళం, తమిళం, తెలుగు, ఇంకా ఎన్నో భాషల సంఘాలు గంటల లెక్కన గదులు పంచుకుంటాయి. ఒక సంఘం ఆమెన్ అనేసరికి తలుపు దగ్గర మరో సంఘం నిలబడి ఉంటుంది.

నేను ఇంటి పనివాళ్లకు ఇచ్చే 20 నంబరు వీసా మీద ఒక ఇంట్లో డ్రైవరును. మాది కడప జిల్లా. మా పెద్దలు లండన్ మిషన్ సంఘంవారు; 1947లో సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) ఏర్పడినప్పుడు అందులో కలిశారు. నాకు పసితనంలోనే నీళ్లు చిలకరించి బాప్తిస్మం ఇచ్చారు. మా తెలుగు సంఘంలో పెద్దగా ఉండే అన్న ఊరు కోనసీమలో. 1836లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన మిషనరీలు నర్సాపురం ప్రాంతంలో మొదలుపెట్టిన గోదావరి డెల్టా మిషన్ సంఘాల్లో పెరిగినవాడు. వాళ్లకు నమ్మిన తరువాత నీళ్లలో మునిగితేనే బాప్తిస్మం.

ఒక శుక్రవారం ఆయన, నాకు జరిగింది బాప్తిస్మమే కాదని అందరి ముందూ అన్నాడు. నేను ఊరుకోలేదు. మాటకు మాట పెరిగి, నోట రాకూడని మాట నా నోటి నుంచే వచ్చింది. ఆయన పుట్టిన పేట పేరు పెట్టి తిట్టాను. ఊళ్లో మాల, మాదిగ పేటల మధ్య ఉన్న గోడను సముద్రం దాటించి తెచ్చింది నేనే. బాప్తిస్మం గురించి మొదలైన వాదన అక్కడితో కులం గొడవ అయింది. నెల తిరిగేలోగా సంఘం రెండైంది.

గది మాత్రం అదే. మా సమయం అయ్యాక వాళ్ల సమయం. తబలా, కీర్తనల పుస్తకాలు, రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల గిన్నెలు ఉన్న బీరువాకు వాళ్లదొక తాళం, మాదొక తాళం. పై అర మాది, కింది అర వాళ్లది. నడవలో ఎదురుపడితే వందనాలు కూడా చెప్పుకోకుండా తల తిప్పుకునేవాళ్లం. అరబ్బు ఇంట్లో వారమంతా తల వంచి పని చేసి, ఉన్న ఒక్క పూట సెలవులో మనవాళ్ల ముఖం చూడలేకపోవడం ఎంత భారమో చెప్పలేను.

2020 మార్చిలో చర్చిలు మూశారు, కర్ఫ్యూ పెట్టారు. ఆ రోజుల్లో నాకు జ్వరం వచ్చింది. మేడం భోజనం గుమ్మం బయట పెట్టి వెళ్లేది. మూడో రాత్రి ఫోను మోగింది. కోనసీమ అన్న. పాత గొడవ ఎత్తలేదు. "తిన్నావా తమ్ముడూ?" అని అడిగి, ప్రార్థన చేసి పెట్టేశాడు. ఆ తరువాత పన్నెండు రాత్రులు అదే వేళకు చేశాడు.

చర్చి మళ్లీ తెరిచాక మొదటిసారి ప్రభువు బల్ల. బలిపీఠం ఎదుట అర్పణ విడిచిపెట్టి, ముందు వెళ్లి నీ సహోదరునితో సమాధానపడమన్న మత్తయి సువార్త మాట చదువుతున్నారు. చేతిలో ఉన్న అర దినారు బెంచీ మీద పెట్టి లేచాను. అన్న నడవలో తన వంతు కోసం నిలబడి ఉన్నాడు. చేతిలో తాళంచెవి.

"అన్నా, ఆ రోజు నేనన్న మాట..."

ఆయన చాలాసేపు నేలకేసి చూశాడు. "ఆ మాట మా అమ్మకు తగిలింది తమ్ముడూ. నేను క్షమించడానికి చాలా రోజులు పట్టింది. బాప్తిస్మం గురించి నేను చెప్పింది మాత్రం మార్చుకోలేను" అన్నాడు. తరువాత నన్ను దగ్గరకు తీసుకున్నాడు.

ఇప్పటికీ రెండు సంఘాలే. నెలలో మొదటి శుక్రవారం మాత్రం ఒకే బల్ల. రొట్టెగా ఇక్కడి అరబ్బు రొట్టె కుబూస్, గిన్నెల్లో ద్రాక్షరసం. ఆయన ఊరి సంఘంలో, నీళ్లలో మునగని నా వంటివాడికి ఆ బల్ల దగ్గర చోటు లేదు. అది ఆయనకు బాగా తెలుసు. అయినా కుబూస్ విరిచి మొదటి ముక్క నా చేతిలో పెడతాడు. బీరువాకు ఒక తాళమే ఉంది. చెవి ఆయన దగ్గరే ఉంటుంది.