తలెత్తి చూస్తే గానీ గుర్తుపట్టలేదు

చాలా ఏళ్ల తర్వాత ఆ మెయిన్ రోడ్డు మీద ఈ చివర నుంచి ఆ చివరకి నడిచాను. బోర్డులు చూస్తూ వెళ్తే ఎక్కడున్నానో అర్థం కాలేదు. ఫొటో స్టూడియో ఉన్నచోట సెల్‌ఫోన్ల షాపు. వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే కొట్టు మధ్యలో ఇంటర్నెట్ సెంటర్ అయింది, ఇప్పుడు షట్టర్ దించి ‘అద్దెకు ఇవ్వబడును’.

అప్పుడు తలెత్తి పైకి చూశాను. అదే బాల్కనీ, అవే కిటికీ చువ్వలు, అదే పెచ్చులూడిన పిట్టగోడ. కింద కొట్లో గిరాకీ తగ్గితే అద్దె గిట్టదు, ఖాళీ చేస్తారు. కొత్తగా వచ్చినవాళ్లు ముందు అద్దాలు, లైట్లు మార్చేస్తారు. పైన ఎవరు చూస్తారని రంగు వేస్తారు? ఒకచోట కొత్త ఫ్లెక్సీ పక్కకి జరిగి, గోడ మీద చేత్తో రాసిన పాత అక్షరాలు బయటపడ్డాయి. ‘టైలర్స్’ అన్న చివరి మాట మాత్రమే మిగిలింది. అక్కడ టైలర్ ఉండేవాడని నాకసలు గుర్తే లేదు!

ఇంటికొచ్చి, కెమెరా బండి తిప్పి తీసిన వీధుల ఫొటోలు చూపించే గూగుల్ స్ట్రీట్ వ్యూ తెరిచాను. అది అమెరికాలో 2007లో మొదలైంది, పాత ఏళ్ల ఫొటోలు కూడా చూసే వీలు 2014లో ఇచ్చారు. ఏడాది మార్చిన కొద్దీ బోర్డులు మారుతున్నాయి, చెట్లు మాయమవుతున్నాయి. అర్ధరాత్రి దాటిందాకా అదే పని. క్యాసెట్ల కొట్టు మాత్రం ఎక్కడా దొరకలేదు. కెమెరా బండి వచ్చేసరికే అది మూతపడింది.