'దగ్గర' అనే మాట మీద నా గొడవ

మొన్న ఫోన్‌లో స్టోరేజీ నిండిపోయిందని పాత స్క్రీన్‌షాట్లు తీసేస్తుంటే 2023 ఆగస్టు 23 నాటివి ఓ పదీ పన్నెండు కనపడ్డాయి. చంద్రయాన్-3 ల్యాండర్ విక్రమ్ చంద్రుడి మీద దిగిన రోజు. ఆ సాయంత్రం ఆరు దాటాక నేను చేసిన పనల్లా ఒక్కో దేశం సైటు తెరవడం, హెడ్డింగ్ ఎలా పెట్టారో చూడటం, సేవ్ చేసుకోవడం. విందు గురించి బంధువులు ఏమనుకుంటున్నారా అని చెవులు రిక్కించే పెళ్లికూతురి తండ్రిలా అన్నమాట.

మన తెలుగు సైట్లలో చాలావరకు 'దక్షిణ ధ్రువంపై' అని రాశాయి. బీబీసీ వాళ్లు 'దక్షిణ ధ్రువం దగ్గర' అన్నారు. ఆ రోజు నాకు ఒళ్లు మండింది, ఒక్క మాటైనా తగ్గించకుండా ఉండలేరు కదా వీళ్లు అని. తర్వాత తీరిగ్గా చూస్తే విక్రమ్ దిగింది దాదాపు 69 డిగ్రీల దక్షిణ అక్షాంశంలో. ధ్రువం 90. చంద్రుడి మీద డిగ్రీకి సుమారు 30 కిలోమీటర్లు, అంటే అక్కణ్ణుంచి ధ్రువానికి ఇంకా 600 కిలోమీటర్ల పైమాటే. హైదరాబాద్‌లో బస్సెక్కి చెన్నైలో దిగేంత! ఆ లెక్కన 'దగ్గర' అనడం కూడా వాళ్ల మంచితనమే. అలాగని మనం సాధించింది చిన్నదేం కాదు, అంతకుముందు చైనా వ్యోమనౌక చాంగే-4 దిగింది 45 డిగ్రీల చోట, మనంత దక్షిణానికి వెళ్లి క్షేమంగా దిగినవాళ్లు అప్పటికి ఎవరూ లేరు.

ఈ డిగ్రీల లెక్కే నెల తర్వాత చైనా శాస్త్రవేత్త ఓయాంగ్ జియువాన్ చెప్పాడు, అది ధ్రువమూ కాదు, ధ్రువ ప్రాంతమూ కాదని. మన దగ్గర ఆ వార్త ఎలా వచ్చిందో గుర్తుంది కదా, చైనాకి కడుపుమంట అన్న ధోరణిలో. కడుపుమంట ఉంటే ఉండొచ్చు, ఆయన చెప్పిన 69, ఇస్రో చెప్పిన 69 మాత్రం ఒకటే.

అమెరికా, బ్రిటన్ సైట్లలో ఇంకో రెండు సంగతులు దాదాపు తప్పనిసరి. ఒకటి, చంద్రుడి మీదే దిగబోయి నాలుగు రోజుల ముందు కూలిపోయిన రష్యా లూనా-25. రెండోది ఖర్చు, 615 కోట్లు అనకుండా ఏడున్నర కోట్ల డాలర్లు అని, చూశారా ఎంత చవకో అన్నట్టు. అది మెచ్చుకోవడమేనా? నాకైతే ఇప్పటికీ అనుమానమే, ఎందుకంటే 2014లో మంగళయాన్ అప్పుడు న్యూయార్క్ టైమ్స్ వేసిన కార్టూన్ ఇంకా మర్చిపోలేదు, ఆవును తోలుకొచ్చి పెద్దోళ్ల క్లబ్బు తలుపు కొడుతున్న రైతు. తర్వాత క్షమాపణ చెప్పారనుకోండి.

అసలు ఆశ్చర్యం పాకిస్తాన్. డాన్ పత్రిక మొదటి పేజీలో వేసింది. 2019లో చంద్రయాన్-2 విఫలమైనప్పుడు వెక్కిరించిన అప్పటి పాక్ సైన్స్ మంత్రి ఫవాద్ చౌదరీయే ఈసారి ల్యాండింగ్‌ని తమ టీవీలు లైవ్ ఇవ్వాలన్నాడు.

ఇక నా ఘనకార్యం. ఇంత పేదరికం, మరుగుదొడ్లు లేని జనం ఉన్న దేశం అంతరిక్షం మీద ఖర్చు పెట్టాలా అని బీబీసీ యాంకర్ అడుగుతున్న వీడియో అప్పుడు అందరి ఫోన్లలో తిరిగింది. నేనూ కోపంగా ఫ్యామిలీ గ్రూపులో పడేశాను, పైన ఓ నాలుగు లైన్లు తిట్లు కూడా రాసి. డాలస్‌లో ఉండే మా అన్నయ్య గంట తర్వాత 'తేదీ చూశావురా?' అని అడిగాడు. చూస్తే అది 2019 నాటిది, చంద్రయాన్-2 అప్పటిది. ప్రశ్న ఎప్పుడు అడిగినా ప్రశ్నే కదా అని కాసేపు వాదించి, లాభం లేదని డిలీట్ చేశాను. అప్పటికే మా బాబాయి దాన్ని ఇంకో మూడు గ్రూపుల్లో పెట్టేశాడు, నా తిట్లతో సహా.