కనురెప్పల బరువు: నేను చేయించుకున్న చికిత్స

యాభై దాటిన తరువాత నా పై కనురెప్పలు బరువెక్కడం మొదలైంది. చాలాకాలం దానిని అందానికి సంబంధించిన విషయంగానే భావించాను, ఎందుకంటే మొదట ఇబ్బంది పెట్టింది కాటుక. ఉదయం పెట్టుకున్న కాటుక మధ్యాహ్నానికల్లా రెప్ప మడతకు అంటుకొని నల్లని చారగా మారేది. బ్యాంకు కౌంటరు దగ్గరికి వచ్చే పాత ఖాతాదారులు "మేడం, ఒంట్లో బాగాలేదా?" అని అడిగేవారు. క్రమేణా సాయంత్రమయ్యేసరికి నుదురు పట్టేసినట్లు ఉండడం, చదివేటప్పుడు నాకు తెలియకుండానే గడ్డం పైకెత్తడం గమనించాను. హనుమకొండలో నేను ఎప్పుడూ చూపించుకునే కంటి డాక్టరు అద్దాల పవరులో మార్పు లేదని తేల్చి, హైదరాబాదులో కనురెప్పల శస్త్రచికిత్సలే ప్రత్యేకంగా చేసే ఓక్యులోప్లాస్టిక్ సర్జన్‌ను కలవమని చీటీ రాసిచ్చారు.

దానికి ముందే సౌందర్య చికిత్సాలయాలలో విచారించాను. ఒకచోట ప్లాస్మా పెన్ అనే పరికరంతో రెప్ప చర్మాన్ని చిన్న చిన్న చుక్కలుగా కాల్చుతామని, అది మానే క్రమంలో బిగుసుకుంటుందని చెప్పారు. మరొకచోట నుదుటికి బొటాక్స్ అనే, కండరాలను సడలించే సూదిమందు వేస్తే ముఖమంతా తేటపడుతుందన్నారు. రెండు చోట్లా ధరల పట్టిక చేతికిచ్చారు గాని, రెప్ప ఎందుకు వాలిందో చూడడానికి ఎవరూ ఒక టార్చిలైటయినా వెలిగించలేదు. నా వంటి చామనఛాయ చర్మం మీద కాల్చిన చోట నల్ల మచ్చలు నిలిచిపోవచ్చునన్న సంగతి కూడా నేను అడిగిన తరువాతే చెప్పారు.

సర్జన్ గారి గదిలో జరిగిన పరీక్ష ఇందుకు పూర్తిగా భిన్నంగా ఉంది. పదేళ్ల కిందటి ఫొటోలు తెమ్మని ముందుగానే చెప్పారు కాబట్టి మా అమ్మాయి పెళ్లి ఆల్బమ్ పట్టుకెళ్లాను. ఆ ఫొటోలలోనే ఎడమ రెప్ప కుడిదానికంటే కొంచెం కిందికి ఉన్నట్లు సర్జన్ గారు చూపించేదాకా ఇంట్లో ఎవరమూ గుర్తించలేదు. వాలడం పొద్దుటికీ సాయంత్రానికీ మారుతోందా, ఒకటి రెండుగా కనిపిస్తోందా, మింగడంలో గాని మాట్లాడడంలో గాని అలసట ఉందా అని అడిగారు. మయస్తీనియా గ్రావిస్ అనే కండరాల వ్యాధి మొదట రెప్పలోనే బయటపడవచ్చట. రెప్ప హఠాత్తుగా వాలి, దానితోపాటు తీవ్రమైన తలనొప్పి గాని, కంటిపాపలలో ఒకటి పెద్దదిగా ఒకటి చిన్నదిగా కనిపించడం గాని ఉంటే, అది సౌందర్య చికిత్సకు సంబంధించిన విషయమే కాదనీ, వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లాలనీ చెప్పారు. నాకు అటువంటివేవీ లేవు.

తరువాత కొలతలు తీశారు. టార్చి వెలుగు కంటిపాప మధ్యలో మెరిసే చోటి నుంచి పై రెప్ప అంచు దాకా ఉండే దూరం మామూలుగా 4 నుంచి 5 మిల్లీమీటర్లు ఉంటుంది. నా కుడి కంట్లో అది 4కు దగ్గరగా, ఎడమ కంట్లో 2.5గా ఉంది. సర్జన్ గారు నా ఎడమ రెప్పను వేలితో మెల్లగా పైకెత్తగానే, అప్పటిదాకా బాగానే ఉందనుకున్న కుడి రెప్ప కూడా కొంత కిందికి జారింది. రెండు కళ్లకూ మెదడు నుంచి సమానమైన ఆదేశమే వెళుతుందనీ, బలహీనమైన ఎడమ రెప్పను ఎత్తడానికి పంపే అదనపు శక్తి కుడి రెప్పను కూడా పట్టి ఉంచుతోందనీ వివరించారు. దీనికి 19వ శతాబ్దపు జర్మన్ శాస్త్రవేత్త ఎవాల్డ్ హెరింగ్ పేరుతో ఒక నియమమే ఉంది. ఎడమ కన్నును మాత్రమే సరిచేస్తే కుడి కన్ను వాలవచ్చునన్న సంగతి ఆ పరీక్ష లేకపోతే తెలిసేది కాదు.

అలా నా సమస్య ఒకటి కాదని తేలింది. రెండు కళ్ల మీదా సాగిన చర్మం రెప్ప అంచు దాకా వేలాడుతోంది. ఎడమ కంట్లో ఆపైన, రెప్పను ఎత్తే కండరం చివర ఉండే పలుచని పొర సాగిపోయింది. ఇలా రెప్ప వాలడాన్ని టోసిస్ అంటారు. కాలేజీ రోజుల నుంచి గట్టి రకం కాంటాక్ట్ లెన్సులు వాడుతూ, తీసేటప్పుడల్లా రెప్పను పక్కకు లాగడం ఒక కారణం కావచ్చునన్నారు. కనుబొమలు మాత్రం జారలేదు. నుదుటి కండరం వాటిని రోజంతా ఎత్తి పట్టుకుంటోంది, నా సాయంత్రపు తలనొప్పికి మూలం అదే.

ఈ వివరం తెలిశాక, అంతకుముందు విన్న సలహాలలో ఏది నాకు పనికివస్తుందో నేనే తూచుకోగలిగాను. బొటాక్స్‌ను కనుబొమ చివర, దానిని కిందికి లాగే కండరంలో వేస్తే బొమ కొద్దిగా లేస్తుంది, ఆ ఫలితం మూడు నాలుగు నెలలుంటుంది. నుదుటిలో వేస్తే మాత్రం నా బొమలను నిలబెడుతున్న కండరమే సడలి, రెప్పలు మరింత బరువెక్కేవి. చర్మాన్ని బిగించే పరికరాలు ఆరంభ దశలోని స్వల్ప సడలింపుకు కొంత ఉపయోగపడతాయి గాని, మిగిలిపోయిన చర్మాన్ని తొలగించలేవు, కండరాన్ని అసలే సరిచేయలేవు. డాలస్‌లో ఉన్న మా అమ్మాయి ఫోనులో చుక్కల మందు గురించి చెప్పింది. 0.1 శాతం ఆక్సీమెటాజొలిన్ చుక్కలకు అమెరికాలో 2020లో అనుమతి లభించింది. రెప్పను ఎత్తడంలో సాయపడే ముల్లర్ అనే చిన్న కండరాన్ని ప్రేరేపించి, రెప్పను ఒక మిల్లీమీటరు మేరకు కొన్ని గంటలపాటు ఎత్తుతాయి. చర్మం వేలాడడానికి అవి మందు కావు. ఇదే మందు పేరు మన మందుల షాపుల్లో దొరికే ముక్కు చుక్కల మీద కూడా ఉంటుంది కాబట్టి, వాటిని ఎన్నడూ కంట్లో వేసుకోవద్దని సర్జన్ గారు గట్టిగా హెచ్చరించారు.

చివరికి రెండు పై రెప్పలకూ బ్లెఫరోప్లాస్టీ, అంటే సాగిన చర్మాన్ని తొలగించే ఆపరేషన్, అదే కోతలోంచి ఎడమ కండరపు పొరను బిగించడం అని నిర్ణయమైంది. కాగితపు పట్టీతో కన్నీటి పరీక్ష చేస్తే కళ్లు కొంత పొడిగా ఉన్నాయని తేలడంతో, ముందు కొన్ని వారాలు తడి చుక్కలు వేయించారు. ఆపరేషన్ తరువాత కొంతకాలం రెప్పలు పూర్తిగా మూతపడకపోవచ్చు కాబట్టి, పొడికన్ను సంగతి చూసుకోకుండా ముందుకు వెళ్లకూడదట. నేను వాడే చేప నూనె గుళికలు మాన్పించారు. ఆస్పిరిన్ వంటివి వాడేవారు గుండె డాక్టరును అడగకుండా సొంతంగా ఆపరాదన్నారు. బీమా విషయం క్లుప్తంగా చెబుతాను: కాస్మెటిక్ శస్త్రచికిత్సకు పాలసీ వర్తించదు. అయితే రెప్పలు వాలి ఉండగా ఒకసారి, టేపుతో ఎత్తి ఒకసారి చేసిన, చూపు పరిధిని కొలిచే ఫీల్డ్ టెస్టులో పైవైపు చూపు తగ్గిందని స్పష్టంగా కనిపించడంతో టోసిస్ భాగానికి అంగీకరించారు, చర్మం తొలగింపు ఖర్చు నేనే భరించాను.

ఆపరేషన్ రోజున నన్ను కూర్చోబెట్టి పెన్నుతో గీతలు గీశారు. పడుకుంటే చర్మం పక్కలకు జారి కొలత తప్పుతుంది. కనుబొమ కింది అంచుకూ రెప్ప వెంట్రుకల వరుసకూ మధ్య కనీసం 20 మిల్లీమీటర్ల చర్మం మిగలాలి, లేకపోతే కన్ను మూతపడదు. ఎక్కువ తీయమని అడిగేవారే ఎక్కువట! మత్తు సూది మంట కొన్ని క్షణాలు బాగానే బాధించింది. ఆ తరువాత తెలిసినదల్లా లాగుతున్న భావన, రక్తనాళాలను మూసే కరెంటు పరికరం వల్ల వచ్చే మాడువాసన మాత్రమే. మధ్యలో బల్ల తల భాగాన్ని ఎత్తి, "అమ్మా, కళ్లు తెరవండి, ఎదురుగా చూడండి" అంటూ ఎత్తు సరిచూసి, కుట్టు విప్పి మళ్లీ వేశారు. పూర్తి మత్తు ఇవ్వకపోవడానికి కారణం అదే.

ఆ రాత్రి విపరీతమైన నొప్పితో కన్ను ముందుకు ఉబికినా, చూపు మసకబారినా తెల్లవారేదాకా ఆగకుండా రమ్మని చెప్పి పంపారు. కంటి వెనుక రక్తం చేరడం చాలా అరుదే అయినా, చూపును పోగొట్టగల ప్రమాదం. నాకు అటువంటిదేమీ జరగలేదు. రెండు దిండ్ల మీద తల పెట్టుకొని, 48 గంటలు విడతలవారీగా ఐస్ పెట్టుకున్నాను. కమిలిన నలుపు బుగ్గల దాకా దిగి, చూసినవారిని భయపెట్టింది గాని నొప్పి పెద్దగా లేదు. వంగి ముగ్గు వేయడం, బిందె ఎత్తడం, తలస్నానం అన్నీ కొంతకాలం నిషేధం. వారానికి కుట్లు విప్పారు. ఎడమ కన్ను నిద్రలో కాస్త తెరుచుకునే ఉండేది, రాత్రిపూట జెల్ వేసుకోవడంతో కొన్ని వారాలకు సర్దుకుంది.

రెండు రెప్పలూ ఇప్పుడు ఖచ్చితంగా ఒకే ఎత్తులో లేవు. ఎడమది అర మిల్లీమీటరు కిందికి ఉంది. ఒక మిల్లీమీటరు లోపు తేడాను సర్జన్లు విజయంగానే లెక్కిస్తారని ముందే చెప్పి సంతకం చేయించుకున్నారు కాబట్టి నాకు అసంతృప్తి లేదు. కాటుక నిలుస్తోంది, సాయంత్రపు నుదుటి నొప్పి పోయింది. వయసుతోపాటు చర్మం మళ్లీ సాగుతుందని, కనుబొమలు కూడా జారవచ్చునని తెలుసు. రెప్ప ఎత్తు మారితే నల్లగుడ్డు మీద దాని ఒత్తిడి మారి సిలిండర్ పవరు కూడా మారవచ్చునని చెప్పడంతో, కొత్త కళ్లద్దాలు మూడు నెలల దాకా చేయించుకోలేదు. అప్పటి పరీక్షలో ఎడమ కంటి పవరు నిజంగానే కొద్దిగా మారింది.