గ్యాస్ కంటే ముందు గాలిని చూడాలి

కెనడాలోని ఒంటారియోలో ఇళ్లను వెచ్చగా ఉంచే గ్యాస్ ఫర్నేసులను బాగుచేయడం నా వృత్తి. హైదరాబాదులో పాలిటెక్నిక్ చదివి, జీడిమెట్లలో బాయిలర్ల దగ్గర పనిచేసి వెళ్లినవాడిని కనుక మంట నాకు కొత్త కాదు. అయితే ఒంటారియోలో లైసెన్సు లేనిదే ఎవరూ గ్యాస్ పరికరాన్ని విప్పడానికి వీల్లేదు. ముందు ఆ లైసెన్సులో తొలి మెట్టయిన జీ-3 స్థాయిలో మరొకరి పర్యవేక్షణ కింద పనిచేసి, ఆ తరువాత దాని పై మెట్టయిన జీ-2 పరీక్ష రాశాను. గంటకు 4 లక్షల బీటీయూల (వేడిని కొలిచే ప్రమాణం) వరకు సామర్థ్యం గల పరికరాలపై స్వతంత్రంగా పనిచేసే అర్హత దానితోనే వస్తుంది.

జనవరి చలిలో మాకు వచ్చే పిలుపుల్లో చాలా వరకు ఒకే తీరుగా ఉంటాయి: మంట వెలుగుతుంది, కొన్ని సెకన్లలో ఆరిపోతుంది, మళ్లీ వెలుగుతుంది, చివరకు యంత్రం పూర్తిగా ఆగిపోతుంది. ఇంటివారు గ్యాస్ సరిగా రావడం లేదనుకుంటారు గానీ, నేను చూసినంతలో దోషం గ్యాసుది కావడం అరుదు. ఫర్నేస్ మొదట పొగను బయటకు లాగే ఫ్యాన్‌ను తిప్పుతుంది. ఆ లాగుడు సరిపోయిందని ప్రెషర్ స్విచ్ నిర్ధారించాకే మంటను అంటించే ఇగ్నైటర్ ఎర్రబడి, గ్యాస్ వాల్వు తెరుచుకుంటుంది. ఆపైన మంటలో నిలిచి ఉండే సన్నని కడ్డీ గుండా కొద్ది మైక్రోఆంపియర్ల విద్యుత్తు ప్రవహిస్తేనే మంట ఉన్నట్టు యంత్రాన్ని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు గుర్తిస్తుంది. కడ్డీపై పూత పేరుకుంటే ఎదురుగా మంట ఉన్నా బోర్డుకు తెలియదు. అటువంటప్పుడు కడ్డీని సన్నని ఉక్కు పీచుతో శుభ్రం చేస్తే సరిపోతుంది. గాలి గొట్టం నోటిని మంచు కప్పేసినా, పొగలోని ఆవిరి నీరై దిగే ట్రాప్ పూడుకుపోయినా, ప్రెషర్ స్విచ్ వాల్వును తెరవనివ్వదు. ఆ స్విచ్ తీగలు రెండింటినీ కలిపి ముడివేసి ఫర్నేసును నడిపిస్తున్న ఇళ్లను నేను చూశాను. అది క్షమించరాని పని, ఎందుకంటే పొగ బయటకు పోవడం లేదని ఆ యంత్రానికి చెప్పేది ఆ స్విచ్చే.

అక్కడి ఫర్నేసుల్లో మండే సహజవాయువులో ముఖ్యభాగమైన మీథేన్ పూర్తిగా మండాలంటే దాని ఘనపరిమాణానికి దాదాపు 10 రెట్ల గాలి కావాలి. గాలి తగ్గితే మంట పసుపుబారుతుంది, మసి పడుతుంది, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. బర్నర్‌లో ముందే కలిసే గాలి మరీ ఎక్కువైతే మంట బర్నర్‌ను వదిలి పైకి లేస్తుంది. ఇంతవరకు కంటికి తెలుస్తుంది. కానీ నీలి మంట కూడా చల్లని లోహానికి తగిలి మధ్యలోనే చల్లారితే అదే విషవాయువును ఇస్తుంది, దానిని కన్ను పట్టుకోలేదు. అందుకే పొగగొట్టంలో, పొగలోని వాయువులను కొలిచే ఎనలైజర్ గొట్టం పెట్టి చూడకుండా మేము గ్యాసును సరిచేసే వాల్వు స్క్రూను ముట్టుకోము. ఆ కొలతనూ జాగ్రత్తగా చదవాలి. మీటరు కార్బన్ మోనాక్సైడ్ 200 పీపీఎం (పది లక్షల్లో 200 వంతులు) చూపినా, పొగలో ఆక్సిజన్ 10.5 శాతం దగ్గర ఉంటే అందులో సగం వట్టి గాలే కనుక, దానిని తీసివేసి లెక్కగడితే 400 అవుతుంది. అక్కడి ప్రమాణాలలో ఫర్నేసుకు ఉన్న గరిష్ఠ పరిమితి అదే.

సెలవు మీద వచ్చి కూకట్‌పల్లిలో అక్కా బావల ఇంట్లో ఉన్నప్పుడు, స్నానాల గదిలో సిలిండర్‌తో నడిచే గ్యాస్ గీజర్ కనిపించింది. దానికి పొగగొట్టం లేదు. డిసెంబరు చలికి వెంటిలేటర్‌ను థర్మాకోల్ ముక్కతో మూసేశారు. ఒంటారియోలో మంచు పూడ్చిన గొట్టానికీ ఈ థర్మాకోల్ ముక్కకూ నాకు తేడా కనబడలేదు. అక్కడైతే యంత్రం తనంతట తానే ఆగిపోతుంది, ఇక్కడ మంట వెలుగుతూనే ఉంటుంది. పైగా వంటగ్యాసులోని ప్రొపేన్‌కు దాదాపు 24 రెట్లు, బ్యూటేన్‌కు దాదాపు 31 రెట్లు గాలి కావాలి. మూసిన గదిలో బర్నర్ తాను వదిలిన పొగనే తిరిగి పీల్చుకుంటుంది. ఆక్సిజన్ తగ్గేకొద్దీ కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతూ పోతుంది.

సర్వీసుకు వచ్చిన కుర్రాడు, "మంట నీలంగనే ఉంది కదన్నా, గ్యాస్ వాసన గూడ లేదు" అన్నాడు. "తమ్ముడూ, ఆ వాసన లీకు తెలియడానికి గ్యాసులో కలిపింది. మండిన తరువాత పుట్టే ఈ విషానికి రంగూ లేదు, వాసనా లేదు" అని చెప్పి, పనిలో చొక్కాకు తగిలించుకునే కార్బన్ మోనాక్సైడ్ మీటరును గదిలో పెట్టి, తలుపు మూసి గీజర్ నడిపించాము. కాసేపటికే అలారం మోగింది. ఈ వాయువు రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది; తలనొప్పి, మగత వచ్చేసరికి తలుపు గడియ తీసే శక్తి కూడా మిగలకపోవచ్చు. స్నానం చేస్తే తల తిరుగుతోందని అక్క కొన్నాళ్లుగా చెబుతూనే ఉంది, ఇంట్లో అందరూ రక్తపోటు అనుకున్నారు. అది వింటే నాకు ఒళ్లు జలదరించింది.

బావ వెంటనే ఒప్పుకున్నారు. గీజర్‌ను వంటింటి వెనుక బాల్కనీకి మార్చి, అక్కడి నుంచి వేడినీటి పైపు వేయించాము. ఆ పని పూర్తయ్యేవరకు తలుపు తెరిచి బకెట్ నింపుకోవడం, గీజర్ ఆపి గదిని కాసేపు గాలికి వదలడం, ఆ తరువాతే స్నానానికి వెళ్లడం అని ఇంట్లో నియమం పెట్టాను. అదే భవనంలో మరికొన్ని ఇళ్లలోనూ ఇటువంటి గీజర్లు ఉన్నాయని వాచ్‌మన్ చెప్పాడు. అపార్ట్‌మెంట్ కమిటీవారితో మాట్లాడి, మీటరు తీసుకుని ఆ ఇళ్లకు వెళ్తున్నాను. ముందుగా వెంటిలేటర్లను తెరిపిస్తున్నాము.