రాళ్లను వదిలినా ఇసుకను వదలని డైనోలు

నా ఉప్పునీటి చేపల ట్యాంకులో డైనోలు, అంటే డైనోఫ్లాజెల్లేట్లనే సూక్ష్మజీవులు, పట్టుకున్నాయి. నీటిలోని సూక్ష్మజీవులను చంపే యూవీ దీపం పెట్టిన తర్వాత రాళ్ల మీది వాటి గోధుమరంగు తీగలన్నీ పోయాయి. కానీ ట్యాంకు ముందువైపు కుడి మూలలో ఇసుక మీద పరుచుకున్న పొర మాత్రం తగ్గకపోగా, కిందటి వారం 22 సెంటీమీటర్ల పొడవున్నది ఇప్పుడు 30 సెంటీమీటర్లకు పెరిగింది. నాలుగడుగుల ట్యాంకు, వడపోత సామగ్రి ఉండే కింది తొట్టె (సంప్)తో కలిపి రాళ్లూ ఇసుకా పోగా సుమారు 200 లీటర్ల నీరు, హైదరాబాద్ వేడిలో ఫ్యాన్ల సాయంతో 28 డిగ్రీలు, లవణీయత వెయ్యికి 35 పాళ్లు: ఇవన్నీ నిలకడగానే ఉన్నాయి. క్లౌన్ చేపల జంట మట్టికుండ పెంకు మీద గుడ్లు పెట్టింది. సంప్‌లోని కీటో నాచు బాగా పెరుగుతోంది.

ఈ పొరను మొదట డయాటమ్‌లని (గాజులాంటి సిలికా పెంకులున్న సూక్ష్మ నాచు) అనుమానించి నీటిని పరీక్షించాను. ఇళ్లలో వాడే ఆర్‌వో యంత్రాల్లో రుచి కోసం టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) కంట్రోలర్ కొంత ముడినీటిని తిరిగి కలుపుతుంది కాబట్టి ఉప్పునీటి ట్యాంకుకు నీటిని ఆ కంట్రోలర్‌కు ముందే, మెంబ్రేన్ దగ్గరే మళ్లించుకోవాలి. నా యంత్రంలో కుళాయి దగ్గర 62 ఉన్న టీడీఎస్ మెంబ్రేన్ దగ్గర 14గా, మిగిలిన లవణాలనూ పట్టేసే డీఐ రెజిన్ దాటాక సున్నాగా చూపుతోంది. రెజిన్ కొత్తది కూడా కాబట్టి డయాటమ్‌లను పెంచే సిలికేట్ నీటి ద్వారా వస్తోందన్న అనుమానాన్ని పక్కన పెట్టాను. పైగా డయాటమ్‌ల పొర దుమ్ములా రాలుతుంది. ఇది చీమిడిలా సాగుతూ, కొసల్లో గాలి బుడగలు పట్టుకుని, రాత్రి దీపాలు ఆరాక పలచబడి, మధ్యాహ్నానికి మళ్లీ చిక్కబడుతోంది. కొంత పొరను ట్యాంకు నీటితో సీసాలో వేసి బాగా కుదిపి, కాఫీ ఫిల్టర్ కాగితంలో వడగట్టి, ఆ నీటిని దీపం కింద గంటసేపు ఉంచితే, తేటగా కనిపించిన నీటిలోనే తీగలు మళ్లీ అల్లుకున్నాయి. డైనోఫ్లాజెల్లేట్లను గుర్తుపట్టడానికి ఇంతకంటే సులువైన పరీక్ష లేదు.

అయితే వాటిలో ఏ జాతి ఉందో తెలియకుండా మందు మొదలుపెట్టడం వ్యర్థం. విద్యార్థులు వాడే సాధారణ మైక్రోస్కోప్‌లో 400 రెట్లు పెంచి చూస్తే రాళ్ల మీది నమూనాలో కన్నీటిచుక్క ఆకారపు కణాలు కొస దగ్గర కట్టేసినట్టు ఒకే బిందువు చుట్టూ తిరుగుతూ కనిపించాయి. అవి ఆస్ట్రియాప్సిస్. ఇవి విషాన్ని తయారుచేస్తాయి కనుక నత్తలు కొన్ని తిరగబడి చనిపోవడానికి కారణం ఇదేనని భావించి వెంటనే విషాన్ని పీల్చుకునే యాక్టివేటెడ్ కార్బన్ పెట్టాను. ఈ జాతి రాత్రిపూట ఇసుకనూ రాళ్లనూ వదిలి నీటిలోకి లేస్తుంది కాబట్టి 18 వాట్ల యూవీని సంప్‌లో కాకుండా నేరుగా ట్యాంకు నీటినే తీసుకుని ట్యాంకులోకే వదిలేలా, గంటకు సుమారు 400 లీటర్ల నెమ్మది ప్రవాహంతో అమర్చాను. రాళ్లు శుభ్రమయ్యాయి.

ఇసుక నమూనాలో కనిపించినవి వేరు. కోడిగుడ్డు ఆకారంలో బల్లపరుపుగా, ముందు కొసన చిన్న ముక్కులాంటి భాగంతో, గిరగిర తిరగకుండా సాఫీగా జారిపోయే కణాలవి. అవి ఆంఫిడీనియం. పెద్ద కణాల ఆంఫిడీనియం రాత్రి కూడా ఇసుకలోనే దాక్కుంటుంది కాబట్టి యూవీ దానిని తాకనే తాకదు. మూడు రోజులు దీపాలు ఆర్పి ఉంచే పద్ధతి కూడా దీని విషయంలో పైపై ఉపశమనమే. దీపాలు వెలిగించిన కొద్దికాలానికే పొర అదే మూలలో తిరిగి వచ్చింది.

అసలు కారణం మాత్రం పోషకాలేనని నా నమ్మకం. రీఫ్ (పగడపు దిబ్బ) కట్టే రాతి పగడాలన్నీ మన వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. అందుకే రీఫ్ నుంచి తెచ్చిన, జీవులు అంటుకుని ఉన్న లైవ్ రాక్ జోలికి పోకూడదని నిర్ణయించుకుని పూర్తిగా పొడి రాళ్లతోనే ఈ ట్యాంకు కట్టాను. ఆ నిర్ణయం మార్చుకోను. కానీ పొడి కాల్షియం కార్బొనేట్ రాయి నీటిలోని ఫాస్ఫేట్‌ను తన ఉపరితలానికి అంటించుకుంటుంది. దానికి తోడు చిన్న చేపలు కొద్దిగా, నురగతో మలినాలు తీసే పెద్ద స్కిమ్మర్, ఫాస్ఫేట్‌ను పీల్చే ఫెర్రిక్ ఆక్సైడ్ రియాక్టర్ ఉండేసరికి నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నాకు పడిపోయాయి, పోటీపడే నాచూ బాక్టీరియా ఆకలితో వెనకబడ్డాయి, డైనోలకు చోటు దొరికింది. కొత్త ట్యాంకుకు మొదటి నెల నుంచే ఫెర్రిక్ ఆక్సైడ్ అంటగట్టే అలవాటు మానాలని గట్టిగా చెబుతాను. నా రియాక్టర్ ఇప్పుడు అటకెక్కింది.

అందుకే పోషకాలు పెంచుతున్నాను, ఆ లెక్క ఇది. ట్రైసోడియం ఫాస్ఫేట్ డోడెకాహైడ్రేట్ 4 గ్రాములు లీటరు ఆర్‌వో నీటిలో కలిపితే మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము ఫాస్ఫేట్ ఉంటుంది, దానిలో 20 మిల్లీలీటర్లు 200 లీటర్లను 0.1 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) పెంచుతాయి. నైట్రేట్‌ను 5 పీపీఎం పెంచడానికి పొటాషియం నైట్రేట్ 1.63 గ్రాములు చాలు. ఎరువుల దుకాణాల్లో దొరికే 13-0-45 కూడా అదే ఉప్పు, కానీ అందులో కలిసివచ్చే లోహాల సంగతి సంచి మీద రాయరు కనుక రసాయనాల దుకాణంలో ప్రయోగశాల తరగతిది కొన్నాను. నైట్రేట్ సులభంగా 8 పీపీఎం దగ్గర నిలిచింది, సాలిఫెర్ట్ నైట్రేట్ పరీక్ష కిట్ ఈ స్థాయిలో చదవడానికి హాయిగా ఉంది.

ఫాస్ఫేట్ మాత్రం ఏడిపించింది. హన్నా ఫాస్ఫరస్ చెకర్‌లో వచ్చిన అంకెను 3.066తో హెచ్చించి వెయ్యితో భాగిస్తే ఫాస్ఫేట్ పీపీఎంలో వస్తుంది. మొదటిసారి రాత్రి ఫాస్ఫేట్ ద్రావణం పోసిన అరగంటకు 31 చూపింది, అంటే 0.095 పీపీఎం. తెల్లారేసరికి అది 9కి, అంటే 0.028కి దిగింది. రాళ్లు తాగేశాయి. రోజూ పోస్తూ పోగా ఈ తరుగు క్రమంగా తగ్గింది. ఇప్పుడు రాత్రి 33 ఉన్నది ఉదయానికి 24 దగ్గర ఆగుతోంది, అంటే రాళ్ల దాహం తీరే దశ దగ్గరపడింది. రంగులు పోల్చి చూసే కిట్లతో ఈ తేడాలు పట్టుకోవడం అసాధ్యం, ఈ పనికి డిజిటల్ చెకర్ తప్పనిసరి అంటాను.

ఇంత చేసినా ఆ మూల ఎందుకు లొంగదు? ప్రవాహం తక్కువేమోనని నీటిని తోసే పంపు వేవ్‌మేకర్‌ను అటు తిప్పితే ఇసుక గుట్టపడింది తప్ప పొర పోలేదు. ఉదయపు ఎండ పక్క కిటికీ నుంచి అక్కడ పడుతుంది కాబట్టి అద్దానికి నల్ల అట్ట అంటించాను, పొర వ్యాప్తి కొంత నెమ్మదించినట్టుంది కానీ రుజువుగా చెప్పలేను. నా బలమైన ఊహ ఏమిటంటే, ఇసుక రేణువుల మీద ఆంఫిడీనియంకు పోటీ ఇచ్చే జీవమే ఇంకా పుట్టలేదు. అందుకే తదుపరి అడుగు సిలికేట్. సోడియం సిలికేట్‌ను బాగా పలచన చేసి, ట్యాంకులో సిలికా ఒక పీపీఎం దగ్గర ఉండేలా పోస్తే, గాజు పెంకుల డయాటమ్‌లు పెరిగి ఇసుకను ఆక్రమించాలి. ఆ ద్రావణం క్షారగుణం కలది కనుక బలమైన ప్రవాహంలో కొద్దికొద్దిగా పోయాలి. పొర రంగు మారినప్పుడల్లా మైక్రోస్కోప్ కింద చూసి, ఈదే కణాలు తగ్గి గాజు పెంకులు పెరుగుతున్నాయో లేదో లెక్కిస్తాను. డైనోలు పోయేదాకా నీటి మార్పిడి నిలిపివేశాను. ఆ తర్వాత రెడ్ సీ కంపెనీ వారి మామూలు ఉప్పుతోనే కొనసాగుతాను. పగడాలు లేని ట్యాంకుకు ఎక్కువ ఆల్కలినిటీ ఉన్న వారి కోరల్ ప్రో ఉప్పు అవసరం లేదు.

ఈలోగా క్లౌన్ పిల్లల కోసం నానోక్లోరాప్సిస్ అనే సూక్ష్మ నాచు, దాన్ని తిని పిల్లలకు మేతయ్యే సూక్ష్మజీవులైన రోటిఫర్ల పెంపకం మొదలుపెట్టాలి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ (సీఎంఎఫ్ఆర్ఐ) అభివృద్ధి చేసిన హేచరీ పద్ధతి కూడా రోటిఫర్ల మీదే ఆధారపడింది. ఈ వేడిలో గుడ్లు వారం దాటగానే, చీకటి పడ్డాక పొదుగుతాయి. అందువల్ల తదుపరి విడత గుడ్లు పెట్టేలోపు రోటిఫర్ సీసాలు చిక్కగా సిద్ధం కావాలి, పిల్లలను డైనోల నీటిలో కాక వేరే 20 లీటర్ల తొట్టెలో కొత్తగా కలిపిన ఉప్పునీటితోనే పెంచాలి.