కప్పు లేని బండి: 1/72లో ఎస్‌యూ-76ఎం

రెండో ప్రపంచ యుద్ధం నాటి సోవియట్ బండికి ప్లాస్టిక్ కిట్‌తో మోడల్ చేద్దామనగానే అందరి చెయ్యీ టీ-34 ట్యాంకు మీదికే పోతుంది. నేనూ అక్కడే మొదలుపెట్టాను. ఆ తర్వాత తీసుకున్నది ఎస్‌యూ-76ఎం. యుద్ధకాలంలో సోవియట్ ఫ్యాక్టరీలు టీ-34 తర్వాత అత్యధికంగా తయారుచేసిన కవచ వాహనం ఇదే. 14 వేలకు పైగా చేశారు. అయినా దీని పేరు విన్నవాళ్లు తక్కువ. టీ-70 అనే తేలికపాటి ట్యాంకు చాసిస్‌ని కాస్త పొడుగు చేసి, పక్కకి ఐదు చక్రాలుంటే ఆరు చేసి, వెనకాల ఉక్కు గోడలు లేపి, వాటి మధ్య 76.2 మిల్లీమీటర్ల జిస్-3 ఫిరంగి పెట్టారు. పైన కప్పు లేదు. మోడల్ చేసేవాడికి తలనొప్పంతా, సరదా అంతా ఆ లేని కప్పు దగ్గరే.

అసలు బండి పొడవు దాదాపు 5 మీటర్లు. 1/72 స్కేల్లో, అంటే అసలులో 72వ వంతు సైజులో, 7 సెంటీమీటర్లు, అరచేతిలో పట్టేస్తుంది. టీ-34 అయితే రెండు సగాలు అతికించి టరెట్ (ఫిరంగి ఉండే, తిరిగే పైభాగం) మూత పెట్టేస్తే లోపల ఏముందో ఎవరికీ తెలియదు. ఇక్కడ ఫిరంగి వెనక భాగం, సీట్లు, గుండ్ల అరలు అన్నీ పైనుంచి కనిపిస్తాయి. అందుకే కిట్‌తో వచ్చిన సూచనల కాగితం మీద ఇచ్చిన వరస పక్కన పెట్టేశాను. ముందు లోపలి గోడలు, నేల, ఫిరంగి దేనికది విడిగా రంగు వేసి, ఆరాక అతికించాను. అతుకు పడే చోట రంగు గీకేయాలి, లేకపోతే సిమెంట్ (ప్లాస్టిక్ అతికించే జిగురు) పట్టదు.

లోపల ఏ రంగు? సోవియట్ ట్యాంకుల లోపలంతా తెలుపు అని అలవాటుగా అనుకుంటాం. నేను దీనికి లోపలా బయటా ఒకటే ఆకుపచ్చ, సోవియట్ సైన్యం బళ్లకి వాడిన 4బీఓ అంటారే అదే వేశాను. కప్పు లేని బండిలో తెల్లగోడలుంటే విమానంలోంచి చూసేవాడికి మనమే చెయ్యి ఊపి పిలిచినట్టు. ఇంత చిన్న మోడల్ మీద 4బీఓ సీసాలోంచి తీసినది తీసినట్టు వేస్తే నల్లగా కనబడుతుంది. కొంచెం పసుపు కలిపి తేలిక చేశాను.

అన్నిటికంటే ఎక్కువ సేపు పట్టింది గోడల అంచుల దగ్గర. అసలు బండికి ముందు కవచం ఎక్కువలో ఎక్కువ 35 మిల్లీమీటర్లు, పక్కల అందులో సగం కూడా లేదు. కిట్‌లో గోడ మందం సుమారు ఒక మిల్లీమీటరు. లెక్క వేస్తే 72 మిల్లీమీటర్ల కవచం! కప్పు ఉంటే ఇది దాగేది. ఇక్కడ అంచు మొత్తం బయటికే కనిపిస్తోంది. గోడ లోపలివైపు నుంచి బ్లేడును ఏటవాలుగా పట్టుకుని, నెమ్మదిగా పొర పొరగా గీకుతూ పోయాను. చివర సాండ్ పేపర్. మొత్తం గోడ పలచన చెయ్యక్కర్లేదు, పై అంచు ఒక్కటీ సన్నబడితే చాలు, కన్ను మిగతాది నమ్మేస్తుంది. ఈ ఒక్క పనితోనే బొమ్మ కాస్తా బండిలా మారింది. మోడల్‌కి సన్నటి భాగాలు అతికించడానికి బజార్లో దొరికే ఇత్తడి రేకుల సెట్లకు డబ్బు పోసే ముందు ఎవరైనా ఇది చేసి చూడాలని నా అభిప్రాయం.

ఫిరంగి మూతి కూడా కిట్‌లో మూసుకుపోయే వస్తుంది. 76 మిల్లీమీటర్ల రంధ్రం ఈ స్కేల్లో ఒక మిల్లీమీటరు. సూదితో సరిగ్గా మధ్యలో చుక్క పెట్టి, చేత్తో తిప్పే చిన్న డ్రిల్లుతో 0.5 మిల్లీమీటర్ల బిట్ వాడి, తర్వాత 0.8తో పెద్దది చేశాను. ఊపిరి బిగబట్టి చేసే పని.

ట్రాకులు (చక్రాల చుట్టూ తిరిగే గొలుసు పట్టీలు) ఈ కిట్‌లో రబ్బరువి కావు, ప్లాస్టిక్ ముక్కలు. పొడుగు పట్టీలు కిందికి, పైకి. విడి లింకులు ముందున్న పళ్ల చక్రం చుట్టూ, వెనక చక్రం చుట్టూ. పలచటి సిమెంట్‌తో వరసగా అతికించి, పూర్తిగా గట్టిపడక ముందే చక్రాల మీదికి వంచాలి. పై వరస బిగుసుగా ఉండకూడదు. మోసే మూడు చిన్న చక్రాల మధ్య కాస్త కిందికి జారాలి. దూది ముక్కలు దూర్చి ఆ వంపు నిలబెట్టాను.

రంగు వేసే రోజుల్లో వాన పట్టుకుంది. గాల్లో తేమ ఉంటే లాకర్ అనే త్వరగా ఆరే రంగు తెల్లగా పాలిపోతుందని టెన్షన్. ఎండ కాసిన మధ్యాహ్నాలు చూసుకుని వేశాను. మెరిసే వార్నిష్ కోటు, తెల్ల నంబర్ల డెకాల్స్ (అంటించే బొమ్మలు), సందుల్లోకి దిగే పలచటి ముదురు గోధుమ రంగు, అంటే వాష్, ఇవన్నీ మామూలే.

బురద దగ్గర మాత్రం ఆగాలి. నేను అనుకున్నది 1944 వేసవి, బెలారస్, జర్మన్ల మీద సోవియట్లు చేసిన బగ్రాతియోన్ దాడి. పది టన్నుల చిల్లర బరువు కాబట్టి పెద్ద ట్యాంకులు దిగబడే చిత్తడి నేలలో కూడా ఇవి నడిచాయి. కాబట్టి ఆ మట్టి బూడిద కలిసిన గోధుమ రంగు. మనకి మట్టి అనగానే చెయ్యి చెల్క ఎరుపు వైపు పోతుంది, ఆపుకోవాలి. చక్రాల మధ్య దట్టంగా, పైకి పోయేకొద్దీ ఒట్టి ధూళి.

కప్పు లేకపోతే తుపాకి పొగ బయటికి పోతుంది, పక్కన నడిచే సైనికులతో మాట్లాడొచ్చు. కానీ గ్రెనేడ్ వచ్చి లోపలే పడితే? చలికీ వానకీ టార్పాలినే దిక్కు. సైనికులు దీనికి పెట్టిన ముద్దుపేర్లు ఇక్కడ రాయలేను. ఆ టార్పాలిన్ కిట్‌లో లేదు. టిష్యూ పేపర్‌ని నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో ముంచి, మడిచి, వెనక గోడ మీద వేలాడేశాను. ఆరాక ఖాకీ రంగు వేసి, మడతల్లో వాష్ దింపి, మొత్తానికి మ్యాట్ వార్నిష్ కొట్టాను. ఆ టార్పాలిన్ వల్ల వెనక తలుపు సగం మూసుకుపోయింది. దాని గొళ్లెం చెక్కడానికి పడిన కష్టం ఇక ఎవరికీ కనబడదు.